చైన్ ఎలా సాగుతుంది?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "బండి చైన్ సాగిందని మెకానిక్ అన్నాడు. ఇనుము ఎలా సాగుతుంది తాతయ్యా? అమ్మ షెడ్డులో ఇమ్మంటోంది, నాన్న నేనే చూసుకుంటానంటున్నాడు. ఎవరి మాట వినాలి?" అని అడిగారు.

ఇనుము సాగలేదు, అరిగింది. చైన్‌లో వందకు పైగా లింకులుంటాయి. లింకుకీ లింకుకీ మధ్య ఒక పిన్ను. దుమ్ము పట్టి, నూనె ఆరిపోతే ఆ పిన్నులు ఒరుసుకుని అరుగుతాయి. ఆ అరుగుదల ఒక్కోచోట వెంట్రుకవాసి కూడా ఉండదు. అదే వంద చోట్ల అయితే చైన్ వేలాడుతుంది.

ఇక అమ్మా నాన్నల సంగతి. పళ్లు తోమించుకోవడానికి డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్లరు కదా! పన్ను పీకాలంటే మాత్రం వెళ్తాం. చైన్ తుడిచి నూనె వెయ్యడం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడటం, ఇంజనాయిల్ మట్టం చూడటం పళ్లు తోముకోవడం లాంటివి. బ్రేకాయిల్ మార్చడం పన్ను పీకడం లాంటిది. ఆ ఆయిల్ ఉండే గొట్టంలో గాలిబుడగ మిగిలిపోతే బ్రేకు లివరు మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. అక్కడ చెయ్యి తిరిగినవాడికే డబ్బివ్వాలి. అసలు చైన్ తిరిగే చక్రాలకూ పళ్లే ఉన్నాయి! పట్టించుకోకపోతే అవి అరిగి కొక్కేల్లా తయారవుతాయి. అప్పుడు కొత్త చైన్ వేసినా త్వరగా పాడవుతుంది. ఏ పన్ను నొప్పో మనం చెబితేనే డాక్టరుకు తెలిసేది. అందుకే, షెడ్డులో ఇచ్చేవాళ్లు కూడా తమ బండిని ముందు తాము చూసుకోవాలి.

నా పన్నెండో ఏట మా నాన్న సైకిల్ చైన్ బిగించబోయి, చక్రాన్ని ఒకవైపే వెనక్కి లాగాను. అది వంకరగా నిలబడి ఫ్రేముకు రాసుకుంది. ఏడుపు ఆపుకుంటూ నడిపించుకుని వెళ్తే, సైకిళ్లు బాగుచేసే పెద్దాయన తిట్టలేదు. స్పానరు నా చేతికే ఇచ్చి, "రెండు పక్కలా సమానంగా లాగు" అని పక్కన కూర్చున్నాడు. మోటారుసైకిల్‌కైతే అందుకోసమే వెనక చక్రానికి రెండువైపులా గుర్తులుంటాయి. చేతికి మసి అంటిందని ఎప్పుడూ సిగ్గుపడకండి.

ఈ ఆదివారం నాన్నను పక్కన ఉంచుకుని ఒక పని చెయ్యండి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, బండిని న్యూట్రల్‌లో సెంటర్ స్టాండ్ మీద పెట్టండి. రెండు పళ్లచక్రాల మధ్య కిందివైపు చైన్‌ను ఒక పుల్లతో పైకి ఎత్తి, ఎంత కదులుతుందో స్కేలుతో కొలవండి. చాలా చిన్న బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. తర్వాత నాన్న చక్రం కొంచెం తిప్పి ఆపాక మళ్లీ కొలవండి. చక్రం కదులుతున్నప్పుడు వేళ్లు దగ్గరికి పోనివ్వద్దు.

ఒకే దారిలో, ఒకే దుమ్ములో తిరిగిన చైనే. అయినా ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. ఇన్నేళ్లయినా నాకది వింతగానే ఉంది. బిగుతైన చోట సుద్దముక్కతో గీత పెట్టి, రెండు కొలతలూ నాకు రాయండి.

మీ తాతయ్య