అలెగ్జాండర్‌కు ముందు: ఫిలిప్ నిలబెట్టిన మాసిడోనియా

క్రీ.పూ. 326లో జీలం తీరాన పురుషోత్తముడి ఏనుగుల బలగంతో తలపడిన సైన్యాన్ని మనమంతా అలెగ్జాండర్ సైన్యంగానే చదువుకున్నాం. ఆ సైన్యాన్ని తీర్చిదిద్దినవాడు, దాన్ని పోషించగల ఆదాయాన్ని సమకూర్చినవాడు ఆయన తండ్రి రెండో ఫిలిప్. తండ్రి పనిని తెలుసుకోకుండా కొడుకు విజయాలను అర్థం చేసుకోలేం.

క్రీ.పూ. 359లో ఫిలిప్ అధికారం చేపట్టేనాటికి గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోనియా ఛిన్నాభిన్నమయ్యే దశలో ఉంది. ఆయన అన్న మూడో పెర్డికస్ పొరుగు తెగలైన ఇల్లీరియన్లతో పోరులో మరణించాడు. రాజుతో పాటు 4,000 మందికి పైగా సైనికులు నేలకూలారని చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ఉత్తరం నుంచి పయోనియన్ తెగలు దోపిడీకి దిగుతుండగా, సింహాసనం తమదేనంటూ వచ్చిన ఇద్దరిలో ఒకరికి తూర్పు పొరుగున ఉన్న థ్రేస్, మరొకరికి గ్రీకు నగర రాజ్యం ఏథెన్స్ అండగా నిలిచాయి. పాతికేళ్లయినా నిండని ఫిలిప్ ముందుగా గడువు సంపాదించుకున్నాడు. పయోనియన్లను, థ్రేస్ రాజును ధనంతో శాంతింపజేసి, ఏథెన్స్ కోరుకుంటున్న ఆంఫిపోలిస్ నగరం నుంచి తన సేనను వెనక్కి పిలిపించి, దానిపై తనకు ఆశ లేదని ఏథెన్స్‌ను నమ్మించాడు.

అలా దక్కిన వ్యవధిలో ఆయన చేసిన సైనిక సంస్కరణే ఈ చరిత్రకంతటికీ మూలం. యవ్వనారంభంలో గ్రీకు నగరమైన థీబ్స్‌లో బందీగా ఉన్నప్పుడు, అక్కడి సేనాని ఎపమినొండస్ నాయకత్వంలో గ్రీసులోకెల్లా మేటిగా ఎదిగిన సైన్యాన్ని ఆయన దగ్గరగా చూశాడు. ఖరీదైన కవచం కొనుక్కోలేని రైతులకు, పశువుల కాపరులకు చిన్న డాలు, రెండు చేతులతో పట్టుకోవలసిన సుమారు 5 మీటర్ల పొడవైన ‘సరిస్సా’ అనే బల్లెం ఇచ్చి, వరుసలు చెదరకుండా కదలడం నేర్పించాడు. సామాను బండ్లను నిషేధించి, పది మందికి ఒక్క సేవకుణ్ణి మాత్రమే అనుమతించి, ఆయుధాలు, ఆహారం మోయిస్తూ దూరాలు నడిపించాడు. నగర రాజ్యాల పౌర సైనికులు వేసవిలో నాలుగైదు నెలలు పోరాడి ఇళ్లకు మళ్లే అలవాటున్న కాలమది; ఫిలిప్‌కు మాత్రం చలికాలమూ వేసవీ ఒకటేనని ఆయన బద్ధశత్రువు, ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ స్వయంగా హెచ్చరించాడు. ఆ హెచ్చరికను ఏథెన్స్ ఆలస్యంగా చెవికెక్కించుకుంది.

క్రీ.పూ. 358లో 10,000 పదాతులు, 600 ఆశ్వికులతో ఫిలిప్ ఇల్లీరియన్లను ఓడించడంతో, అంతవరకు మాట వినని కొండ ప్రాంతాల ప్రభువులు దారికొచ్చారు. వారి కొడుకులను ఆస్థానంలో ఉంచుకుని రాజసేవలో పెంచాడు. ఒకప్పుడు బందీగా బతికిన మనిషికి ఆ ఏర్పాటులోని బలం బాగా తెలుసు.

ఏడాదంతా సైన్యాన్ని నిలబెట్టాలంటే డబ్బు కావాలి. క్రీ.పూ. 357లో, వదులుకున్నట్టు నటించిన ఆంఫిపోలిస్‌నే పట్టుకుని, మరుసటి ఏడు గనుల పట్టణం క్రెనిడీస్‌ను ఆక్రమించి దానికి ఫిలిప్పీ అని తన పేరే పెట్టాడు. అక్కడి బంగారు గనుల నుంచి ఏటా 1,000 టాలెంట్లకు (ఒక టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి విలువ) మించి ఆదాయం వచ్చేదని డియోడోరస్ లెక్క. సైనికులకు జీతాలిచ్చేందుకే కాదు, ప్రత్యర్థి నగరాల నాయకులను కొనేందుకూ ఆ బంగారం పనికొచ్చింది.

ఆయనకు ఓటములు లేకపోలేదు. క్రీ.పూ. 353లో మధ్య గ్రీసులోని ఫోకిస్ సేనాని ఒనోమార్కస్ చేతిలో దెబ్బతిన్నాడు; మరుసటి ఏడు తిరిగొచ్చి అతణ్ణి ఓడించి మాసిడోనియాకు దక్షిణాన ఉన్న థెస్సలీపై పట్టు సాధించాడు. ఫిలిప్ దక్షతను మెచ్చుకునేవారు పొరుగు గ్రీకు నగరం ఒలింథస్‌ను దాటవేయకూడదు: క్రీ.పూ. 348లో ఆ నగరాన్ని నేలమట్టం చేసి, బతికున్న జనాన్ని బానిసలుగా అమ్మించాడు. మాసిడోనియా ఎదుగుదలకు పొరుగు నగరాలు చెల్లించిన మూల్యం అది.

చివరకు క్రీ.పూ. 338లో కైరోనియా వద్ద ఏథెన్స్, థీబ్స్ కలిసికట్టుగా ఎదిరించి ఓడిపోయాయి. స్పార్టా తప్ప ప్రధాన నగరాలన్నీ కొరింథ్‌లో ఏర్పడిన కూటమిలో చేరి, పర్షియాపై దండయాత్రకు ఫిలిప్‌ను సేనానిగా అంగీకరించాయి. క్రీ.పూ. 336లో కుమార్తె పెళ్లి వేడుకల్లో, ఎయ్గై నగర నాటకశాలలో, సొంత అంగరక్షకుడు పౌసానియస్ ఆయనను పొడిచి చంపేనాటికి, ఆయన సేనాని పర్మేనియన్ నడిపిస్తున్న ముందస్తు దళం అప్పటికే సముద్రం దాటి ఆసియా గడ్డపై దిగి ఉంది.