బడ్జీ పిల్లని తల్లి పట్టించుకోకపోతే సిరంజి కంటే ముందు చూడాల్సినవి

బడ్జీ అంటే ఇళ్లలో పంజరాల్లో పెంచుకునే చిన్న చిలుక. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ దాని పిల్ల ఒకటిన్నర నుంచి 2 గ్రాములు ఉంటుంది, అంతే. కళ్లు మూసుకుపోయి, ఒంటి మీద ఈక అన్నది లేకుండా, మెడ నిలపలేక అటూ ఇటూ వాల్చేస్తూ ఉంటుంది. అదే పిల్ల మూడు వారాలు తిరిగేసరికి 30 గ్రాముల దగ్గరికి వచ్చేస్తుంది, అంటే పుట్టినప్పటికి 15 రెట్లు పైనే. ఇంత స్పీడుగా పెరిగే ప్రాణికి ఒక్క పూట తిండి ఆగినా తేడా కొట్టేస్తుంది కాబట్టి తల్లి తినిపించట్లేదేమో అని అనుమానం రాగానే చాలామంది తామే తినిపించడానికి సిరంజి కోసం పరిగెడతారు. నన్నడిగితే సిరంజి అన్ని దారులూ మూసుకుపోయాక పట్టుకోవాల్సిన వస్తువు. ముందు తేల్చుకోవాల్సింది ఏంటంటే, అసలు తల్లి దాన్ని నిజంగా వదిలేసిందా లేదా అని.

ఎందుకంటే పుట్టిన వెంటనే పిల్ల మెడ కింద సంచి ఖాళీగా ఉండటం మామూలే. గుడ్డులో మిగిలిన పచ్చసొనని పిల్ల బయటికి వచ్చే ముందే పొట్టలోకి లాగేసుకుంటుంది, మొదటి కొన్ని గంటలు ఆ సరుకుతోనే నడిచిపోతుంది. ఆ సంచినే క్రాప్ అంటారు, తిన్నది అందులో కాసేపు నిలవుండి తర్వాత కిందికి దిగుతుంది, చర్మం అంత పల్చగా ఉంటుంది కాబట్టి లోపల తిండి ఉందో లేదో పైకే కనిపిస్తుంది. సుమారు 12 గంటలు దాటినా క్రాప్ ఖాళీగానే ఉండి, పిల్ల మిగతావాటికి దూరంగా ఒక మూల పడి ఉండి, ముట్టుకుంటే చల్లగా తగిలితే అప్పుడు కంగారు పడాలి. రంగు కూడా చాలా చెప్తుంది. గులాబీ రంగులో ఉంటే బానే ఉన్నట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే చలికి బిగుసుకుపోతున్నట్టు, ఎర్రగా మారి చర్మం ముడతలు పడుతుంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోయినట్టు.

సరే, వదిలేసిందనే అనుకుందాం. ఏ పిల్లని వదిలేసింది? చాలాసార్లు అందరికంటే చిన్నదాన్నే. దీనికి కారణం తెలియాలంటే బడ్జీ గుడ్లు ఎలా పెడుతుందో చూడాలి. రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు చొప్పున 4 నుంచి 6 దాకా పెడుతుంది, అన్నీ పెట్టేదాకా ఆగకుండా మొదటిదో రెండోదో పెట్టగానే పొదగడం మొదలెట్టేస్తుంది. ఒక్కో గుడ్డుకీ 18 రోజులు పడుతుంది కాబట్టి పిల్లలు కూడా రెండేసి రోజుల తేడాతో దిగుతాయి. ఆరు గుడ్లూ పిల్లలైతే ఆరోది పుట్టేనాటికి మొదటిదానికి పది రోజులు వచ్చేసి కళ్లు తెరిచేసి ఉంటుంది, బరువులో తమ్ముడికి ఎన్నో రెట్లు ఉంటుంది. బడ్జీల సొంతూరు ఆస్ట్రేలియా లోపలి పొడి నేలలు. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో తెలీదు, పడ్డాక గడ్డి గింజలు ఎన్నాళ్లు దొరుకుతాయో తెలీదు, కాబట్టి వానలు పడగానే చెట్టు తొర్రల్లో గబగబా గుడ్లు పెట్టేస్తాయి. తిండి బాగా దొరికితే అన్నీ బతుకుతాయి, దొరక్కపోతే చివరివి పోయి ముందువి నిలబడతాయి. మన పంజరంలో తిండికి కొదవ లేకపోయినా ఆ పక్షి ఒళ్లు మాత్రం ఇంకా ఆ ఎడారి లెక్కలోనే నడుస్తుంది.

ఇక్కడ నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపించే విషయం ఇంకోటుంది. తల్లి, తండ్రి తినిపించే పద్ధతులు వేరు. పరిశోధకులు గూటి పెట్టెల్లో గమనించిందేంటంటే ఎవరు ఎంత అరిచారన్నది తల్లి పెద్దగా పట్టించుకోదు, చిన్నవాటికే ఎక్కువ పెడుతుంది. తండ్రి మాత్రం గట్టిగా అడిగినవాడికి పెట్టేస్తాడు. పైగా మొదటి రోజుల్లో తండ్రి పిల్లల జోలికి పెద్దగా రాడు, తను తిన్నది కక్కి తల్లికి పెడతాడు, తల్లి దాన్ని పిల్లలకి పెడుతుంది. అంటే చిన్న పిల్ల బతుకు మొత్తం తల్లి ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది. తల్లికి జబ్బు చేసినా, భయపడి గూడు దిగి మళ్లీ ఎక్కకపోయినా, ముందు పోయేది ఆ చివరి పిల్లే.

ఇంకోటి, ఆ మొదటి రోజుల్లో తల్లి పెట్టేది గింజలు కాదు. జీర్ణాశయం ముందు భాగం నుంచి వచ్చే చిక్కటి ద్రవం, అందులో ప్రోటీన్ ఎక్కువ. పావురాల పాలు అంటాం చూడండి, అలాంటిదే అనుకోవచ్చు గానీ పావురాలకి అది క్రాప్ గోడల నుంచి వస్తుంది, ఆడా మగా రెండూ ఇస్తాయి, బడ్జీలో తల్లే ఇస్తుంది. పిల్లని వెల్లకిలా తిప్పి, ముక్కుతో దాని ముక్కు పట్టుకుని పెడుతుంది, మొదటిసారి చూసేవాళ్లు పొడిచేస్తోంది అనుకుని హడలిపోతారు. పిల్ల ఎదిగే కొద్దీ అందులో నానిన గింజలు కలుస్తూ చిక్కబడుతుంది. ఈ ద్రవానికి సరిసమానమైన పొడి ఏ డబ్బాలోనూ దొరకదు, అందుకే నా ఓటు ఎప్పుడూ ఇంకో తల్లికే.

తల్లులు ఎందుకు వదిలేస్తాయంటే కారణాలు బోలెడు. ఏడాది కూడా నిండని ఆడపక్షికి మొదటి కాన్పు అయితే ఏం చెయ్యాలో తెలీదు. రాత్రిపూట ఏదో అలికిడికి బెదిరి బయటికొచ్చి చీకట్లో దారి తెలీక బయటే ఉండిపోతుంది. గూటి పెట్టెలో ఎర్ర పేలు, అంటే రాత్రిళ్లు బయటికొచ్చి రక్తం తాగే మైట్స్ ఉంటే కూర్చోలేదు. కొన్ని తల్లులు మళ్లీ గుడ్లు పెట్టే తొందరలో గూట్లోని పిల్లల ఈకలు పీకేసి బయటికి తోలేస్తాయి కూడా, అది పెద్ద పిల్లల విషయం లెండి. వీటన్నిటికంటే ఎక్కువగా జరిగేదీ, మనం తేలిగ్గా సరిచెయ్యగలిగేదీ ఒకటుంది. పిల్ల కిచకిచమంటూ తల ఆడిస్తేనే తల్లికి తినిపించాలన్న ఊపు వస్తుంది. పుట్టినప్పుడు పిల్లకి సొంతంగా ఒళ్లు వేడి పెట్టుకునే శక్తి ఉండదు, తల్లి పొట్ట కింద వేడి, తోటి పిల్లల వేడితోనే బతుకుతుంది. కాస్త పక్కకి జరిగి చల్లబడిందా, అరవలేదు. అరవకపోతే తల్లి పెట్టదు. పెట్టకపోతే ఇంకా చల్లబడుతుంది. చూసేవాళ్లకి తల్లి రాక్షసిలా కనిపిస్తుంది గానీ అక్కడ జరిగింది సిగ్నల్ అందకపోవడం.

కాబట్టి మొదటి వైద్యం వెచ్చదనమే. చల్లబడ్డ పిల్లకి తిండి అస్సలు పెట్టకూడదు, ఎందుకంటే ఒళ్లు చల్లగా ఉంటే క్రాప్ కదలదు, పెట్టింది అక్కడే ఉండి పులిసిపోతుంది. అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా వేడెక్కించి, గులాబీ రంగు తిరిగొచ్చి కదలడం మొదలెట్టాక గోరువెచ్చటి ఎలక్ట్రోలైట్ నీళ్లు ఒకటి రెండు చిన్న బొట్లు ముక్కు పక్కన తగిలించి, అది మింగి కిచకిచమనగానే తిరిగి అదే గూట్లో మిగతా పిల్లల మధ్యలోకి తోసేయాలి. చాలాసార్లు ఆ అరుపు వినగానే తల్లి పని మొదలెట్టేస్తుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట చాలామంది నమ్ముతారు గానీ బడ్జీల విషయంలో అది నిజం కాదు, మచ్చికైన పక్షుల గూళ్లు రోజూ తెరిచి చూసేవాళ్లు ఎంతమందో.

అయినా ఫలితం లేకపోతే దత్తత. బ్రీడింగ్ చేసేవాళ్లు రెండు మూడు జతల్ని ఒకేసారి గుడ్లకి వదలడం వెనక ఉన్న తెలివి ఇదే, ఒక గూట్లో తేడా వస్తే ఇంకో గూడు రెడీగా ఉంటుంది. పెంపుడు తల్లి దగ్గర ఉన్న అన్నిటికంటే చిన్న పిల్లకీ, మనం పెట్టే పిల్లకీ రెండు మూడు రోజులకి మించి తేడా లేకుండా చూసుకుంటే ఆ వయసుకి సరిపోయే తిండే దొరుకుతుంది. మూడు వారాల పిల్లలున్న గూట్లో అప్పుడే పుట్టినదాన్ని పెడితే మిగతావి తొక్కేస్తాయి. ఇంకా గుడ్లమీదే కూర్చుని నేడో రేపో పిల్లలు దిగాల్సిన తల్లి కూడా పనికొస్తుంది. ఆమె తినడానికి బయటికొచ్చినప్పుడు పిల్లని వెచ్చగా తీసుకెళ్లి మిగతావాటి కింద దూర్చి, గంటో రెండు గంటలో ఆగి క్రాప్ నిండిందేమో చూడాలి. ఇప్పటికే ఐదారు పిల్లలున్న తల్లి మీద ఇంకోటి వెయ్యడం మాత్రం దయ అనిపించుకోదు.

తర్వాత ఏది ఎవరి పిల్లో ఎలా తెలుస్తుందంటే, అల్బినో (పూర్తిగా తెల్లవి), లుటినో (పసుపువి) లాంటివైతే మూసుకున్న రెప్పల కిందనుంచే కళ్లు ఎర్రగా కనిపిస్తాయి, మామూలు వాటికి నల్లగా కనిపిస్తాయి, కాబట్టి ఒక గూట్లో అన్నీ నల్లకళ్లవైతే ఎర్రకళ్లదాన్ని పెట్టినప్పుడు గుర్తుపట్టడం ఈజీ. లేదంటే 7 నుంచి 10 రోజుల మధ్య కాలికి రింగు ఎక్కించేదాకా రాసుకుంటూ ఉండాల్సిందే. ఒక్క జాగ్రత్త ఉంది, దీన్ని మాత్రం ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. ఆ గూట్లో తల్లికి జబ్బుండి పిల్లల్ని వదిలేసి ఉంటే పిల్లతో పాటు ఆ జబ్బుని కూడా మోసుకెళ్లి బాగున్న గూట్లో పెట్టినట్టే. బడ్జీ పిల్లల్ని చంపే పాలియోమావైరస్ లాంటివి ఇలాగే పాకుతాయి. వరసగా పిల్లలు చచ్చిపోతున్న గూటి నుంచి దత్తత వద్దు, పక్షుల డాక్టర్‌కి చూపించాలి.

ఇప్పుడు సిరంజి సంగతి. వేరే తల్లి లేదు, ఉన్న తల్లి పెట్టదు, అప్పుడు తప్పదు. ఒంటరి పిల్లకి మొదటి రోజుల్లో 35 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, కాస్త తేమ కావాలి, ఈకలు మొలిచే కొద్దీ 30కి, పూర్తిగా వచ్చాక 25 దాకా దించుకుంటూ రావాలి. కింద నున్నటి కాగితం వేస్తే కాళ్లు పక్కలకి జారి అలాగే వంకరగా బిగుసుకుపోతాయి, పట్టు దొరికే గుడ్డో టిష్యూనో వెయ్యాలి. తిండికి చిలుక పిల్లల కోసం చేసిన హ్యాండ్ ఫీడింగ్ ఫార్ములా, అంటే నీళ్లలో కలిపి చేత్తో తినిపించే పొడి, ఒక్కటే మందు. ఆవు పాలు వద్దు, పక్షులు లాక్టోజ్‌ని అరిగించుకోలేవు, బ్రెడ్డు నానబెట్టి పెట్టడం అంతకంటే దండగ. కాకటీల్ అనే ఇంకో పెంపుడు పక్షి పిల్లల మీద 1980ల్లో చేసిన పరిశోధనల్లో ప్రోటీన్ 20 శాతం దగ్గర ఉంటే బాగా ఎదుగుతాయని, మొదటి కొద్ది రోజులు 90 శాతానికి పైగా నీళ్లే ఉండేంత పల్చగా పెట్టాలని, ఆ తర్వాత నీళ్లు కాని గట్టి పదార్థం 30 శాతం దాకా ఉన్నా తట్టుకుంటాయని తేలింది. ఆత్రంగా మొదటి రోజే చిక్కగా పెడితే బలం రాకపోగా ఒంట్లో నీళ్లు చాలక ప్రాణం మీదికొస్తుంది.

వేడి విషయంలో చేతి మీద చుక్క వేసుకుని చూస్తే సరిపోదు, థర్మామీటర్ కావాల్సిందే. 39 నుంచి 41 డిగ్రీలు సరైనది. 43 దాటితే క్రాప్ కాలుతుంది, అది ఆ రోజు తెలీదు, కొన్ని రోజులకి చర్మం నల్లగా అట్టకట్టి కన్నం పడి తిన్నది బయటికి కారినప్పుడు తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒక చోట చల్లగా ఒక చోట సలసలా ఉంటుంది కాబట్టి దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మరీ చల్లారిపోతే పిల్ల నోరు తెరవదు, క్రాప్ కూడా నెమ్మదిస్తుంది.

ఒక్కసారికి పిల్ల బరువులో పదో వంతు లెక్క, అంటే 2 గ్రాముల పిల్లకి 0.2 మిల్లీలీటర్, మొదటి ఒకటి రెండు సార్లు ఇంకా తక్కువే. మొదటి వారం దాదాపు రెండు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, నిద్ర మీద ఆశలు వదిలేసుకోవాలి. కళ్లు తెరిచాక మూడు గంటలకి, రెండు వారాలు దాటాక నాలుగు గంటలకి జరపొచ్చు. పిల్ల తల పైకీ కిందికీ ఊపుతూ అడుగుతున్నప్పుడే పెట్టాలి, ఆ ఊపులో గాలిగొట్టం మూసుకుని ఉంటుంది. ఊపు లేకుండా నోట్లో పోస్తే నాలుక మొదట్లో ఉన్న గాలిరంధ్రంలోకి దిగిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, హ్యాండ్ ఫీడింగ్‌లో పోయే పిల్లల్లో చాలావాటి కథ ఇదే. పిల్ల ఎడమవైపు నుంచి కుడివైపుకి సిరంజి వంచి పెట్టమనేది కూడా అన్నవాహిక మెడలో కుడివైపు ఉంటుంది కాబట్టే. క్రాప్ నీళ్లు నింపిన బుడగలా మెత్తగా ఉండాలి, గట్టిగా బిగిసిపోయేదాకా నింపకూడదు. తర్వాతి తిండికి అది దాదాపు ఖాళీ అవ్వాలి, అవ్వకుండా పులుపు వాసన వస్తుంటే పైన ఇంకా పోయకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, అందులో ఫంగస్ పట్టి ఉండొచ్చు. రోజూ పొద్దున్నే తిండికి ముందు 0.1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా మీద తూచి రాసుకోవాలి, పిల్ల మామూలుగా కనిపిస్తున్నా ఆ అంకెలో తేడా ముందే తెలిసిపోతుంది.

ఇంత కష్టపడి మొదటి వారం గట్టెక్కించాక మళ్లీ పెంపుడు తల్లి దొరికితే మాత్రం ఆలోచించకుండా అప్పగించేయాలని నా అభిప్రాయం. మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగిన బడ్జీ మనల్నే తన మంద అనుకుంటుంది, ముద్దుగా ఉంటుంది నిజమే, కానీ పక్షుల మధ్య మసలడం తోటి పక్షుల దగ్గరే బాగా నేర్చుకుంటుంది. కుదరకపోతే కనీసం అదే వయసు పిల్ల ఇంకోటి పక్కన ఉంటే మేలు.

నాలుగైదు వారాలకి ఎగరడం మొదలెడుతుంది, ఆ టైంలో తిండి మీద కాస్త ధ్యాస తగ్గి బరువు కొద్దిగా దిగుతుంది, అది చూసి బలవంతంగా కుక్కకూడదు. కొర్ర కంకులు, గింజలు నేల మీదే చల్లి పెడితే ముక్కుతో ఆడుకుంటూ ఒలవడం నేర్చుకుంటుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు, గింజల్ని కొరికి పారేస్తుంటే తినేస్తోంది అనుకుని సిరంజి ఆపేస్తారు. పొట్టు మాత్రమే మిగిలి ఉందా, గింజలు అలాగే ఉన్నాయా చూడాలి, సాయంత్రం పడుకునే ముందు క్రాప్ తడిమితే గింజలు చేతికి తగలాలి, కాటా మీద బరువు రెండు మూడు రోజులు నిలకడగా ఉండాలి. అప్పటిదాకా రాత్రి పూట ఒక్క ఫీడ్ మాత్రం ఆపొద్దు.