అడవి బాతు: కూరలో కాదు, ఈకలు పీకే చోట చూడండి (అపోహలు – వాస్తవాలు)

టెక్సాస్‌లో సెప్టెంబరు 1న గువ్వల వేట మొదలవుతుంది. చలి దిగేకొద్దీ బాతుల సీజన్ వస్తుంది. లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లే తెలుగువాళ్లు కొందరున్నారు. వెళ్లకపోయినా, ఆఫీసులో పక్క సీటాయన సంచిలో పెట్టి ఇచ్చిన బాతుల్ని కాదనలేక ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: తినొచ్చా? తినొచ్చు. దాన్ని ఎక్కడ శుభ్రం చేశారు, ఆ చేతులతో తర్వాత ఏం ముట్టుకున్నారు అన్నదే అసలు సంగతి.

అపోహ: హుషారుగా ఎగిరే పక్షికి జబ్బుండదు.

బర్డ్ ఫ్లూ విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. మల్లార్డ్, టీల్, విజియన్, పిన్‌టెయిల్ లాంటి బాతులు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌ను పేగుల్లో మోస్తూ కూడా మామూలుగానే తిరుగుతాయి. వాటి రెట్టతో వైరస్ చెరువులో కలుస్తుంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ కాలం, ఒక్కోసారి వారాల తరబడి, బతికి ఉంటుంది. ఇప్పుడు తిరుగుతున్న రకం అమెరికా అడవి పక్షుల్లో మొదట బయటపడింది 2022 జనవరిలో, సౌత్ కరొలైనాలో, వేటగాళ్లు కొట్టిన విజియన్ బాతులో. ఇదే వైరస్‌కు హంసలు, స్నో గూస్ అనే పెద్దబాతులు, గద్దలు చచ్చిపోతాయి. మెడ తిప్పుతూ గిరగిరా తిరిగేవి, ఎగరలేక నీళ్లలోనే తేలేవి, గుంపుగా చచ్చి పడున్నవి కనిపిస్తే ముట్టుకోవద్దు, కుక్కను వాటిమీదికి వదలొద్దు, రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేయండి. అలాంటివి లేవు కాబట్టి చెరువు శుభ్రంగా ఉన్నట్టే అనుకోవడం మాత్రం తప్పు.

అపోహ: బాగా ఉడికిస్తాం కదా, ముందు ఎలా ముట్టుకుంటే ఏం?

ఉడికిన మాంసంలో వైరస్ ఉండదు, నిజమే. కానీ పొయ్యి ఎక్కేలోపే అది మీ కంట్లోకో ముక్కులోకో వెళ్లే దారులు చాలా ఉన్నాయి. వలస పక్షుల్ని ఇంటికి చేర్చేదాకా తల గానీ, ఈకలున్న ఒక రెక్క గానీ అలాగే ఉంచాలని ఫెడరల్ నిబంధన (గువ్వలకు మినహాయింపు ఉంది). అందుకే మిగతా పని చాలామంది ఇంటికొచ్చాకే చేస్తారు. బయట చలి, గరాజ్ తలుపు వేసి, బల్లమీద పొడి ఈకలు పీకుతారు. అంతకంటే చెడ్డ చోటు లేదు. ఈకలకు అంటి ఎండిన రెట్ట పొడిపొడిగా రాలి ఆ మూసిన గదిలోనే తేలుతుంది. ఫ్లూ ఒక్కటే కాదు, సిట్టకోసిస్ అనే జ్వరం కూడా ఈ దుమ్ము పీల్చడం వల్లే వస్తుంది. దాన్ని చిలకల జబ్బు అనుకుంటారు గానీ బాతులు, పావురాల నుంచి కూడా సోకుతుంది.

ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. పొడి ఈకలు పీకకుండా ముందు పక్షిని వేడినీళ్లలో ముంచితే (145 నుంచి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు, మరిగే నీళ్లు వద్దు, చర్మం చిరుగుతుంది) దుమ్ము లేవదు, ఈక సులువుగా వస్తుంది. ఈ తతంగమంతా వద్దనుకుంటే చర్మంతో సహా ఒలిచేసి రొమ్ము మాంసం తీసుకోండి, ఇంకా మంచిది. పని నడుస్తుండగా తినడం, తాగడం, సిగరెట్ వద్దు. ఫోన్ జేబులోంచి తీయనే వద్దు. గ్లౌజుతో ముట్టుకున్న ఫోనే రాత్రి చెంపకు ఆనించుకునేది.

గుండు పేగుల్లో దిగిన పక్షి విషయంలో తొందర పడాలి. పేగులు చిట్లితే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియాలు మాంసమంతా అంటుకుంటాయి. పొట్ట త్వరగా తీసేసి, రెట్ట అంటిన మాంసాన్ని కోసి పారేసి, పక్షిని 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు చల్లబరచండి. ఐస్ డబ్బాలో కరిగిన నీళ్లలో పక్షులు తేలుతూ ఉండకూడదు. నీళ్లు ఎప్పటికప్పుడు వంపేయాలి.

పేగులు, ఈకలు రెండు సంచుల్లో కట్టి చెత్తబుట్టలో వేయండి. పెరట్లో పూడిస్తే నక్కో కుక్కో తవ్వుతుంది. కత్తి, బల్ల, కత్తెర ముందు సబ్బుతో రుద్ది కడగాలి, బ్లీచ్ ఆ తర్వాతే. నెత్తురు, కొవ్వు ఉన్నచోట బ్లీచ్ పోస్తే అది ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, క్రిమి దాకా చేరదు. గాలన్ నీళ్లకు మూడోవంతు కప్పు ఇంటి బ్లీచ్, అంటే దాదాపు 4 లీటర్లకు 80 మి.లీ., ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకుని 10 నిమిషాలు తడిగా ఉంచండి. వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్లతో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

అపోహ: పసుపు, ఉప్పు, నిమ్మకాయ రాసి కడిగితే క్రిములు చస్తాయి.

నీచు వాసన పోతుంది, అంతవరకే. గంటసేపు పసుపు పట్టించినా వైరస్‌నో సాల్మొనెల్లానో అది చంపుతుందని నమ్మడానికి వీల్లేదు. కుళాయి కింద పెట్టి కడగడంలోనే అసలు ఇబ్బంది: తుంపర్లు సింకు దాటి, పక్కనున్న కొత్తిమీర కట్ట మీద, ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి. కొత్తిమీర ఉడకదు, చివర్లో పైన చల్లుతాం. కడగకుండా ఉండలేకపోతే సింకు ఖాళీ చేసి, గిన్నెలో నీళ్లు నింపి అందులో ముంచి తీయండి, తర్వాత సింకును బ్లీచ్‌తో కడగండి. మంటమీద కాల్చడం కూడా అంతే. నూగు పోతుంది, పైన వాసన బాగుంటుంది, లోపలి మాంసం మాత్రం పచ్చిగానే ఉంటుంది.

అపోహ: నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంటే అన్నీ చచ్చిపోతాయి.

వైరస్ ఫ్రీజర్‌లో చావదు, భద్రంగా ఉంటుంది. ల్యాబుల్లో దాన్ని దాచేది కూడా చలిలోనే.

అపోహ: బాతు రొమ్ము లోపల ఎర్రగా ఉంటేనే రుచి, పర్వాలేదు.

ఇక్కడి వేటగాళ్లకు ఇదే ఇష్టం. మన పులుసుకు, వేపుడుకు ఈ ఇబ్బంది లేదు. అడవి పక్షి ఏదైనా లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి. థర్మామీటర్ ముల్లు రొమ్ములో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. రంగు చూసి చెప్పలేం, బాతు మాంసం సహజంగానే ఎరుపు. జెర్కీ (ఎండబెట్టిన మాంసం ముక్కలు) చేసేవాళ్లు ముక్కల్ని ముందు 165 దాకా వేడిచేసి ఆ తర్వాతే ఆరబెట్టాలి. డీహైడ్రేటర్ వేడి మాంసాన్ని ఎండబెడుతుంది గానీ ఉడికించదు.

అపోహ: రొమ్ములో తెల్ల పురుగులున్న బాతు తింటే మనకూ పురుగులు పడతాయి.

చర్మం తీయగానే కండ నిండా బియ్యపు గింజల్లాంటివి, కండ పోగుల వెంబడే వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి. మల్లార్డ్, పిన్‌టెయిల్, షవలర్ బాతుల్లో తరచు చూస్తాం. అవి పురుగులు కావు, సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవి తిత్తులు. బాతుకూ స్కంక్ లాంటి మాంసాహారికీ మధ్య తిరిగే జీవి అది, మనిషికి సోకదు, ఉడికితే చస్తుంది. చూడ్డానికి మాత్రం రోతగానే ఉంటుంది. పారేయాలనిపిస్తే పారేయండి, కుక్కకు పచ్చిగా వేయొద్దు.

ఇలాంటివే ఇంకొన్ని. గువ్వ నోట్లో పసుపుపచ్చ జున్నులాంటి గడ్డ ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవిది, కాళ్ల మీద, ముక్కు దగ్గర పులిపిర్లు పక్షుల అమ్మోరువి. రెండూ మనకు అంటవు, అయినా బక్కచిక్కిన పక్షిని తినకపోవడమే మేలు. ఈకల్లో పేలు చేతిమీద పాకితే ఒళ్లు జలదరిస్తుంది గానీ మనిషి మీద బతకవు.

అపోహ: కుక్కకు, పిల్లికి, పెరటి కోళ్లకు దీంతో సంబంధం లేదు.

2023లో కెనడాలోని ఓషావాలో ఒక పెంపుడు కుక్క అడవి పెద్దబాతును (గూస్) కొరికి, హెచ్5ఎన్1 సోకి చచ్చిపోయింది. కుక్కలకు అరుదే. పిల్లులకు మాత్రం ఇది ప్రాణాంతకం, పచ్చి మాంసం, పేగులు అందనివ్వొద్దు. పెరట్లో కోళ్లుంటే ఇంకా జాగ్రత్త: వేట బూట్లతో కోళ్ల దగ్గరికి వెళ్లకండి, పక్షుల్ని వాటి దగ్గర శుభ్రం చేయకండి, స్నానం చేసి బట్టలు మార్చాకే దాణా వేయండి. 2025 జనవరిలో లూసియానాలో చనిపోయిన వ్యక్తి, అమెరికాలో హెచ్5ఎన్1కు మొదటి మరణం, పెరటి కోళ్లు, అడవి పక్షులు రెంటి దగ్గరా మెలిగిన మనిషే.

అపోహ: మన ఊళ్లో కూడా ఇలాగే జాగ్రత్తపడితే సరిపోతుంది.

మన దేశంలో అడవి పక్షుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొల్లేరు, పులికాట్ దగ్గర ఎవరైనా చాటుగా వలస బాతులు అమ్మజూపితే కొనడం కూడా చిక్కే. అయితే వైరస్‌కు చట్టం పట్టదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ కోళ్లకు వచ్చింది ఇదే జబ్బు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప దీంతో చనిపోయింది, పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు వార్తలొచ్చాయి. పిల్లలకు పచ్చి ముక్క నోట్లో పెట్టే అలవాటు ఏ ఇంట్లో ఉన్నా మానాలి.

అపోహ: ఫ్లూ టీకా వేయించుకున్నాను, నాకేం కాదు.

మామూలు ఫ్లూ టీకా హెచ్5ఎన్1ను ఆపదు. రెండు ఫ్లూలు ఒకే మనిషిలో కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది కాబట్టి వేయించుకోండి. పక్షుల్ని శుభ్రం చేశాక 10 రోజులు ఒంటిని గమనించుకోండి. కళ్లు ఎర్రబడి నీళ్లు కారినా, జ్వరం, దగ్గు వచ్చినా క్లినిక్‌కు వెళ్లేముందే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లాక ‘జ్వరం’ అని ఊరుకోకుండా ఫలానా రోజు అడవి బాతులు శుభ్రం చేశానని చెప్పాలి. అది వింటేనే డాక్టర్ సరైన పరీక్ష రాస్తారు. టామీఫ్లూ అనే ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. సిట్టకోసిస్ అయితే వేరే కథ: సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, తలనొప్పి, పొడి దగ్గుతో మొదలవుతుంది, టామీఫ్లూకు లొంగదు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగుతుంది.