ఈగ ఎగిరిపోయినా ఆగని ముల్లు

"తేనెటీగ కుడితే ముల్లును గోళ్లతో పట్టి లాగకూడదట, విషమంతా లోపలికి పిండినట్టవుతుందట. ఏటీఎం కార్డు అంచుతో గీకి తీయాలట. నిజమేనా?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. కార్డు కోసం వెతుకుతూ కూర్చోకండి. ఎలా వీలైతే అలా, వెంటనే తీసి పారేయండి. ఎందుకో ఆ ముల్లు నిర్మాణంలోనే ఉంది.

మనకు ఒక్క సూదిలా కనిపించేది నిజానికి మూడు ముక్కలు. ఒక గట్టి కాడ, దాని అడుగున పట్టాల మీద జారే రెండు సన్నటి కత్తులు. ఒక్కో కత్తి చివర వెనక్కి వాలిన పళ్లు సుమారు 10 ఉంటాయి. ఒక కత్తి ముందుకు దిగి పళ్లతో కండను పట్టుకుంటుంది. ఆ పట్టు ఆసరాగా రెండోది ఇంకాస్త లోతుకు దిగుతుంది. మళ్లీ మొదటిది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు మీద ఆనుకుని కాళ్లు జరుపుతాడు, కాళ్లు బిగించి మోకు జరుపుతాడు. రెండు పట్లూ ఒకేసారి వదలడు. ముల్లూ అంతే, కాకపోతే కిందికి దిగుతుంది. పైనుంచి నెట్టడానికి ఈగ ఉండనక్కర్లేదు.

ఈగ ఉండదు కూడా. మన చర్మం సాగుతుంది, పళ్లు అందులో చిక్కుకుపోతాయి. ఈగ ఎగరబోయేసరికి పొట్ట చివర చిరిగి ముల్లు, విషపు తిత్తి, కండరాలు, వాటిని నడిపే నాడీముడి అన్నీ మన ఒంట్లోనే ఉండిపోతాయి. భూతద్దంతో చూస్తే ఆ ముద్ద ఇంకా కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఈగ కాసేపటికి చనిపోతుంది. రాణి ఈగ ముల్లుకు పళ్లు తక్కువ, చిన్నవి. అది కుట్టి ముల్లు వెనక్కి లాక్కోగలదు. ఇదంతా గుడ్లు పెట్టే గొట్టం నుంచి మారిన అవయవం కాబట్టి మగ ఈగలకు ముల్లే లేదు.

ఇక విషం సంగతి. తిత్తికి తనంతట తాను నొక్కుకునే కండరాలు లేవు. కాడ మొదట్లో ఉబ్బిన గదిలో ఒక్కో కత్తికి ఒక కవాటం అతుక్కుని ఉంటుంది. కత్తి ముందుకు కదిలితే కవాటం విచ్చుకుని విషాన్ని తోస్తుంది, వెనక్కి వస్తే ముడుచుకుంటుంది. అంటే దిగడమూ, విషం తోడడమూ ఒకే కదలిక. గోళ్లతో పట్టుకున్నా అదనంగా విషం ఎక్కదు. 1996లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రయోగంలోనూ గీకినా గిల్లినా వాపులో తేడా రాలేదు. ఆలస్యమైనకొద్దీ మాత్రం పెరిగింది. దాదాపు 20 సెకన్లలో విషంలో 90 శాతం దిగిపోతుంది.

ఇనుము రుద్దడం, సున్నం రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. విషం చర్మం కింద ఉంటుంది. తేనెటీగ విషం ఆమ్లం కాబట్టి వంటసోడా రాయాలని పదో తరగతి సైన్స్ పాఠంలోనే చెబుతున్నాం, అది మార్చాల్సిన మాట. ఎండిన విషంలో సగం దాకా ఉండే మెలిటిన్ 26 అమైనో ఆమ్లాల గొలుసు, దాని స్వభావం క్షారమే. అది కణాల పొరలను చిల్లులు పొడుస్తుంది. నొప్పి దానివల్లే. ఐసు పెట్టండి, సబ్బుతో కడగండి. పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

ముల్లు తీయడంలో ఇంకో తొందర కూడా ఉంది. దాని మొదట్లోంచి అరటిపండు వాసన వేసే ఐసోపెంటైల్ అసిటేట్ వెలువడుతుంది. మిగతా ఈగలకు అది "ఇక్కడే కుట్టండి" అన్న గుర్తు. కొండ తేనెటీగల పట్టు దగ్గర ఒక్కటి కుట్టిందంటే అక్కడ నిలబడి ముల్లు కోసం వెతక్కూడదు. ముఖం కప్పుకుని పరుగెత్తుతూనే చేత్తో దులిపేసుకుని, తలుపులు వేసుకునే వీలున్న గదిలోకో కారులోకో దూరాలి.