అలలు గాలించిన బంగారం

చిన్నీ, బుజ్జీలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న నేను బియ్యం గాలిస్తుంటే పక్కనే కూర్చుని చూశారు కదా. గిన్నె ఊపుతూ వంచితే బియ్యం నీళ్ళతో జారిపోయాయి, రాళ్ళు అడుగునే ఉండిపోయాయి. బంగారం కూడా ఇలాగే తీసేవాళ్ళంటే నవ్వారు. అందుకే ఈ ఉత్తరం.

గ్లోబులో దక్షిణ అమెరికా చిట్టచివర చూడండి. అక్కడ టియర్రా డెల్ ఫ్యూగో అనే దీవి ఉంది. నిప్పుల నేల అని అర్థం. 1520లో మాజెల్లాన్ అనే నావికుడు ఓడ మీద వెళ్తూ ఒడ్డున అక్కడివాళ్ళు వేసుకున్న మంటలు చూశాడట. ఆ మంటల సంగతి మళ్ళీ చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

1879లో చిలీ నౌకాదళం వాళ్ళు ఆ దీవి వాగుల్లో బంగారం చూశారు. 1886లో జూలియస్ పాపర్ అనే రుమేనియా ఇంజనీరు అవతలి ఒడ్డున, ఎల్ పారమో అనే చోట నల్లటి ఇసుకలో చూశాడు. కొండల్లోని బంగారం ఇసుకలోకి ఎలా వచ్చింది? ఒకప్పుడు మంచునదులు కొండల్ని అరగదీసి ఆ రాళ్ళూ మట్టీ తెచ్చి పోశాయి. ఆ గట్లను సముద్రం కోస్తూ వచ్చింది. అల కూడా నా చెయ్యిలాంటిదే, తేలికైన ఇసుకను ఈడ్చుకుపోయి బరువైనది వదిలేస్తుంది. బంగారం మామూలు ఇసుక కన్నా ఏడు రెట్లు బరువు మరి! దానితో పాటు మిగిలే నల్ల రజనులో ఇనుము ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. మన భీమిలి ఒడ్డున కనిపించే నల్లటి చారలూ ఇలా పోగైనవే. బంగారం కోసం మాత్రం వెతక్కండి.

పాపర్ 1889లో సొంతంగా బంగారు నాణేలు వేయించాడు, ఒకటి గ్రాము, ఇంకోటి 5 గ్రాములు. స్టాంపులు కూడా! రాజుననుకున్నాడో ఏమో. 1893లో, 35 ఏళ్ళకే పోయాడు.

అతని ఆల్బంలో ఒక ఫొటో ఉంది. తుపాకులు పట్టుకున్న మనుషులు, వాళ్ళ ముందు నేల మీద ఒక శవం. ఆ చనిపోయినవాడు సెల్క్‌నమ్. గ్వనాకోలనే అడవి జంతువులను వేటాడుతూ, చలికి మంటలు వేసుకుంటూ ఆ దీవిలోనే బతికిన జనం వాళ్ళు. ముందు బంగారం వాళ్ళు, తర్వాత గొర్రెల ఫారాల వాళ్ళు వచ్చిపడ్డారు. సెల్క్‌నమ్ మనుషుల్ని చంపినవాళ్ళకు డబ్బులిచ్చారు కూడా. రోగాలు ఇంకొందరిని తీసుకుపోయాయి. వేలల్లో ఉన్నవాళ్ళు కొన్నేళ్ళలోనే వందల్లోకి పడిపోయారు.

ఆ జాతి అంతరించిపోయిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ మేమున్నాం అంటూనే ఉన్నారు. చిలీ 2023లో గానీ చట్టంలో వాళ్ళ పేరు చేర్చలేదు.

మీ అమ్మమ్మ