మూత మారుతుంది, అడుగు అలాగే ఉంటుంది: ఫ్లమాన్‌విల్ వెసెల్ నేపథ్యం

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన ఉన్న ఫ్లమాన్‌విల్ మూడో అణు రియాక్టర్‌ను తొలి భారీ తనిఖీ కోసం ఆపినప్పుడు, దాని ప్రెజర్ వెసెల్ (అణు ఇంధనాన్ని ఉంచే భారీ ఉక్కు పాత్ర) మూత తీసేసి కొత్తది బిగించాలి. 2024 సెప్టెంబరులో తొలిసారి రాజేసిన రియాక్టర్‌కు అప్పుడే మూత మార్చడమేంటన్న చర్చ మళ్లీ మొదలైంది. ఆ ప్రాజెక్టు పన్నెండేళ్లు ఆలస్యమైన సంగతి, ఖర్చు 330 కోట్ల యూరోల అంచనా నుంచి ఎక్కడికో పోయిన సంగతి అందరికీ తెలిసినవే. ఈ తగాదాకు మూలం వేరే చోట ఉంది.

2015 ఏప్రిల్ 7న ఫ్రెంచ్ అణు భద్రతా సంస్థ ఏఎస్ఎన్ ఈ వెసెల్ మూత, అడుగుల ఉక్కులోని లోపాన్ని బయటపెట్టింది. చాలామంది ఆ తేదీనే మలుపు అంటారు. నా లెక్కలో మలుపు అంతకు పదిహేను నెలల ముందే వచ్చింది. 2014 జనవరిలో 425 టన్నుల ఆ వెసెల్‌ను రియాక్టర్ గోతిలోకి దించారు. దాని మూత, అడుగు ఎంత గట్టివో తేల్చే అసలు పరీక్షలు జరిగింది అదే ఏడాది చివర్లో. దించిన వెసెల్‌కు పైపులు వెల్డింగ్ చేశాక వెనక్కి తీయడం ఎంత కష్టమో ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం మీదా ఆ బరువు ఉంది.

పరీక్ష చూడటానికి చిన్నదే. పది మిల్లీమీటర్ల మందం, యాభై ఐదు మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు ముక్కకు మధ్యలో రెండు మిల్లీమీటర్ల గాటు పెట్టి, లోలకంలా ఊగే సుత్తితో ఒకే దెబ్బ కొడతారు. విరగడానికి ఆ ముక్క ఎంత శక్తి మింగిందో జౌళ్లలో చెబుతారు. ఇదే చార్పీ టెస్ట్. మామూలు ప్రెజర్ వెసెళ్లకు యూరప్ ఆదేశం అడిగేది కనీసం 27 జౌళ్లు. అణు పరికరాలు ఆ ఆదేశం పరిధిలోకి రావు కాబట్టి ఫ్రాన్స్ 2005 డిసెంబరు 12న సొంత ఉత్తర్వు తెచ్చి, సున్నా డిగ్రీల దగ్గర 60 జౌళ్లు ఉండాలంది. అంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. ఈ వెసెల్ పగలదన్న నమ్మకం మీదే మొత్తం డిజైన్ నిలబడింది. పగిలితే అడ్డుకునే రెండో ఏర్పాటు ఏదీ లేదు.

ఫ్లమాన్‌విల్ మూతలాంటిదే మరో మూత మధ్యభాగం నుంచి తీసిన ముక్కల్లో వచ్చినవి 36 నుంచి 64 జౌళ్లు. సగటు 52. కార్బన్ 0.22 శాతం దాటకూడని చోట 0.30 శాతం దాకా ఉంది.

కరిగించి పోసిన పెద్ద ఉక్కు దిమ్మ (ఇంగాట్) చల్లారేటప్పుడు కార్బన్ పైభాగానికి చేరుకుంటుంది. ఆ తల తగినంత కోసేయకపోతే, వేడిచేసి నొక్కి ఆకారమిచ్చే ఫోర్జింగ్‌లో అదే డిష్ ఎండ్ (గిన్నెలా వంపు తిరిగిన మూత లేదా అడుగు) నడిబొడ్డుకు వస్తుంది. అరేవా సంస్థకు చెందిన క్రూజో ఫోర్జ్ కర్మాగారంలో 2006, 2007లో తయారైన ఈ రెండు భాగాలకూ అదే జరిగింది. అంగీకార పరీక్షల ముక్కలు తీసింది అంచు దగ్గర. అక్కడ ఉక్కు బాగానే ఉంది, కాగితాలూ బాగానే ఉన్నాయి. అప్పటికే 2005 ఉత్తర్వు, మిశ్రమం ఒకేలా ఉండదని అనుమానమున్న భాగాలకు ముందుగా సాంకేతిక అర్హత నిరూపించాలని చెప్పింది. ఆ నిరూపణ పూర్తికాకుండానే తయారీ మొదలైంది.

పటాన్‌చెరు, జీడిమెట్లలో ఫార్మా రియాక్టర్లు చేసే షాపుల్లో ప్లేటు కోయకముందే, అది ఏ విడత కరిగించిన ఉక్కో చెప్పే హీట్ నంబరును ముక్క మీదికి ఎక్కించాలి. లేకపోతే ఇన్‌స్పెక్టర్ ఆ ముక్కను పక్కన పెట్టేస్తాడు. ఏ క్రమంలో చేశారన్నదే అక్కడ సర్టిఫికెట్‌కు ప్రాణం. అలాంటి షాపులో ఒప్పుకోనిది అణు రియాక్టర్ దగ్గర ఎలా చెల్లింది?

వెసెల్ తయారుచేసిన అరేవా, రియాక్టర్ నడిపే ఈడీఎఫ్ కంపెనీల వాదన ఇది: 60 జౌళ్లు రాకపోయినా, వెసెల్ ఎదుర్కొనే ఒత్తిళ్లకు ఈ ఉక్కు సరిపోతుంది. దాన్ని చూపడానికి ఇలాంటివే మరో మూడు భాగాలను కోసి పరీక్షించారు. ఏఎస్ఎన్ చివరికి ఆ లెక్కలను అంగీకరించింది.

అణు వ్యతిరేక సంఘాలు లెక్కలకంటే తేదీల మీదే పట్టుబట్టాయి. వాళ్లు వేలెత్తి చూపిన కాగితం 2015 డిసెంబరు 30 నాటి ఉత్తర్వు. ప్రత్యేక ఇబ్బంది ఉందని నిరూపిస్తే, అన్ని నిబంధనలూ తీరని అణు పరికరాన్ని కూడా వాడనివ్వవచ్చని దాని తొమ్మిదో అధికరణం చెబుతుంది. లోపం లోకానికి తెలిసిన ఎనిమిది నెలలకు ఆ వాక్యం చట్టంలో ఉంది. 2018 అక్టోబరు 9న వెసెల్‌కు అనుమతి వచ్చింది ఆ దారిలోనే. మధ్యలో 2016లో, అదే ఫోర్జ్‌లో దశాబ్దాల తయారీ రికార్డుల్లో దాదాపు 400 ఫైళ్లు అనుమానాస్పదమని అరేవా స్వయంగా చెప్పింది. కాగితాన్ని నమ్మమని అడిగే హక్కు ఆ తర్వాత ఎంత మిగిలింది? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

ఆ అనుమతి షరతే ఇప్పటి మూత మార్పు. ఈ రియాక్టర్‌లో కొలత పరికరాలన్నీ పైనుంచే దిగుతాయి కాబట్టి అడుగు భాగానికి రంధ్రాలు లేవు. అల్ట్రాసౌండ్‌తో పదేపదే వెతకవచ్చు. మూత నిండా గొట్టాలే, అక్కడ అలా వెతకడం కుదరదు. అందుకే 2024 చివరికల్లా మార్చాలని ఏఎస్ఎన్ 2017లో చెప్పింది. రియాక్టర్ మొదలవడమే ఆ ఏడాదికి జరగడంతో ఈడీఎఫ్ గడువు అడిగింది. 2023 మేలో ఇచ్చారు. తొలి భారీ తనిఖీ దాకా పాత మూతతోనే నడపవచ్చన్నారు.

మహారాష్ట్రలోని జైతాపూర్‌లో కట్టాలనుకుంటున్నవి ఇదే రకం రియాక్టర్లు, ఆరు. వాటి వెసెళ్ల పరీక్ష ముక్కలు ఏ భాగం నుంచి, ఏ దశలో తీస్తారో ఒప్పందం కుదరకముందే అడగాల్సింది మనమే.

ఫ్లమాన్‌విల్‌లో కొత్త మూత వస్తుంది. అడుగు మాత్రం అదే. డిజైన్ ప్రకారం దాని ఆయుష్షు 60 ఏళ్లు.