పెద్దవయసులో మెదడు ఎలా తేల్చుకుంటుంది?

ఏటీఎం దగ్గర పెద్దాయన ఓ నిమిషం ఎక్కువ తీసుకుంటే చాలు, వెనక నిలబడ్డవాళ్లలో గొణుగుడు మొదలవుతుంది. వయసు మీద పడింది, బుర్ర మందగించింది అని మనమే తీర్పు చెప్పేస్తాం. ఈ తీర్పు చాలావరకు తప్పు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 12 లక్షల మంది ఆన్‌లైన్‌లో చేసిన ఒక పరీక్షను తీసుకుని 2022లో ఈ సంగతి తేల్చారు. తెర మీద కనిపించే మాటో బొమ్మో ఏ కోవకు చెందుతుందో చూసి మీట నొక్కాలి, అంతే పని. అందుకు పట్టిన కాలాన్ని వాళ్లు లెక్కలు కట్టి విడగొట్టారు. చూసినదాన్ని మెదడు తేల్చుకునే వేగం ఎంత, తప్పు పోకూడదని ఆగిన జాగ్రత్త ఎంత, కంటికీ వేలికీ పట్టిన సమయం ఎంత అని. ఇరవై దాటినప్పటి నుంచే జనం నెమ్మదిస్తున్న మాట నిజం. కానీ అరవై దాకా ఆ ఆలస్యానికి కారణం పెరిగిన జాగ్రత్త, నెమ్మదించిన చేయి. ఆలోచన వేగం చెప్పుకోదగ్గంతగా తగ్గేది ఆ తర్వాతే.

వేగం గురించి అంత బెంగ అక్కర్లేదు కాబట్టి, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి: ఇప్పుడే ఎదురైన ఫలితం నుంచి పాఠం నేర్చుకోవడం.

ఏదైనా ఎంచుకునే ముందు మెదడు ఒక అంచనా వేసుకుంటుంది. ఫలితం వచ్చాక రెంటికీ ఉన్న తేడా చూసుకుంటుంది. అనుకున్నదానికన్నా ఎక్కువ దక్కితే, డోపమైన్ అనే రసాయనంతో కబుర్లు పంపే మెదడు కణాలు చురుకవుతాయి, తక్కువైతే నెమ్మదిస్తాయి. ఆ తేడాయే మరుసటి ఎంపికను దిద్దుతుంది. వయసుతో పాటు ఈ డోపమైన్ వ్యవస్థ పలచబడుతూ వస్తుంది. లండన్‌లో రుమానా చౌధురి బృందం డెబ్బై ఏళ్ల ప్రాయంలో ఉన్న 32 మంది ఆరోగ్యవంతులతో ఒక ఆట ఆడించి, ఆ ఫలితాలను 2013లో ప్రచురించింది. రెండు బొమ్మల్లో ఒకటి ఎంచుకోవాలి, డబ్బు రావచ్చు, రాకపోవచ్చు. ఏది లాభమో ఆడుతూనే కనిపెట్టాలి. ఒకరోజు మెదడులో డోపమైన్‌ను పెంచే ఎల్-డోపా మందు (పార్కిన్సన్స్ రోగులకిచ్చేదే) వేశారు, ఇంకోరోజు మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర రోజున స్కానర్‌లో ఒక విచిత్రం కనిపించింది. డబ్బు వచ్చిందన్న సంకేతం మెదడులో ఉంది. ఎంత వస్తుందనుకున్నామో ఆ సంకేతం మాత్రం లేదు. అంచనాయే లేకపోతే తేడా ఎక్కణ్నుంచి తెలుస్తుంది? ఎల్-డోపా వేసిన రోజున, అంతకుముందు సరిగా ఆడలేకపోయినవాళ్లలో చాలామందికి ఆట మెరుగైంది, పోయిన సంకేతం కూడా కనిపించింది. ముందే బాగా ఆడినవాళ్లకు మందు వల్ల ఒరిగిందేమీ లేదు.

డెబ్బైలోనూ బాగా ఆడినవాళ్లున్నారన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పుట్టిన పేకాట పరీక్ష ఒకటుంది. నాలుగు కట్టలు. రెండు కట్టల్లో ముక్క తీసిన ప్రతిసారీ వంద డాలర్లు, మిగతా రెంటిలో యాభై. వంద వచ్చే కట్టల్లో పెద్ద జరిమానాలు దాక్కుని ఉంటాయి. పది ముక్కలు తీసేసరికి నికరంగా 250 డాలర్లు పోతాయి. యాభై కట్టల్లో అదే 250 మిగులుతాయి. కుర్రాళ్లలో ఎక్కువమంది కొంతసేపటికి యాభై కట్టలకు మళ్లుతారు. నటాలీ డెన్‌బర్గ్ బృందం ఇదే ఆట ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇస్తే వాళ్లు రెండుగా చీలిపోయారు. సగానికి పైగా కుర్రాళ్లలాగే ఆడారు. మూడో వంతుకు మించి మాత్రం నష్టం కట్టలను వదల్లేకపోయారు. జ్ఞాపకశక్తిలోనూ తెలివితేటల్లోనూ ఈ రెండో గుంపు తీసిపోలేదు. మోసపూరిత ప్రకటనలను నమ్మేసినవాళ్లు కూడా ఈ గుంపులోనే ఎక్కువ. అందుకే 'ముసలివాళ్లంతా ఇంతే' అనే మాట వింటే నాకు కోపం వస్తుంది.

నష్టం రాబోతోందన్న దడ కూడా వయసుతో తగ్గుతుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ఈ సంగతి చూపించారు. డబ్బు పోబోతోందని తెలిసినప్పుడు యువకుల్లో ఇన్సులా అనే భాగం ఉలిక్కిపడుతుంది, పెద్దవాళ్లలో ఆ ఉలికిపాటు తక్కువ. లాభం రాబోతోందంటే మాత్రం ఇద్దరి మెదళ్లూ ఒకేలా ఉత్సాహపడతాయి. 2012లో లాస్ ఏంజిలెస్ పరిశోధకులు నమ్మదగని ముఖాల ఫొటోలు చూపించినప్పుడూ అంతే. యువకుల్లో ఇన్సులా మేల్కొంది, పెద్దవాళ్లలో అంతగా మేల్కోలేదు. నష్టం తలుచుకుని కుంగిపోని ఈ గుణం పెద్దవయసులో మనశ్శాంతినిస్తుంది. ఎదుటివాడు దొంగైతే అదే ఆపద తెస్తుంది.

మన ఊళ్లలో రిటైరైన ఉపాధ్యాయులు, అధికారులు పోలీసులమని బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' ఫోన్లకు లక్షలు పోగొట్టుకుంటున్న తీరును ఈ వెలుగులో చూడండి. వీడియో కాల్ కట్ చెయ్యొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు, ఇప్పుడే ఆర్టీజీఎస్‌లో డబ్బు బదిలీ చెయ్యాలి అంటాడు అవతలివాడు. పెద్దవయసు మెదడుకున్న బలం నిదానం, అనుభవం, నలుగురితో సంప్రదించడం. ఈ మూడింటినీ ఒక్క ఫోనుతో కట్టేస్తాడు. అలా మోసపోయిన నాన్నను "చదువుకున్నావు, ఆమాత్రం తెలియదా" అని నిలదీయడం అన్యాయం. పైగా అందులో ఆరోగ్య సూచన కూడా ఉండొచ్చు. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా బాయిల్ బృందం డిమెన్షియా (మతి తప్పే జబ్బు) లేని 935 మంది వృద్ధులను సగటున ఆరేళ్లు గమనించి 2019లో ప్రచురించిన సంగతి ఇది. మాయమాటలకు లొంగే గుణం ఎక్కువ ఉన్నవాళ్లకు తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం కూడా ఎక్కువగా కనిపించింది. మోసపోయిన ప్రతివారికీ జబ్బు ఉందని దీనర్థం కాదు. ఎప్పుడూ ఆచితూచి నడిచే మనిషి ఉన్నట్టుండి అపరిచితులకు డబ్బు పంపడం మొదలుపెడితే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించాలి.

చెక్‌బుక్, ఫోను లాక్కోవడం నాకు సమ్మతం కాదు. హడావుడిలో తేల్చాల్సినదాన్ని తీరిక రోజున ముందే తేల్చుకోనివ్వాలి. బదిలీ పరిమితి ఎంతకు తగ్గించాలో, ఆ మొత్తం దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో పెద్దవాళ్లే కూర్చుని నిర్ణయించుకోవచ్చు. అప్పటికే డబ్బు వెళ్లిపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఖాతాలు దాటిపోకుండా ఆపే వీలు అంత ఎక్కువ.